తీరిక వేళ: రాతి గోలీల డబ్బా

కలికిరినుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము ఈ మాసము మా శీర్షికకు విషయమైనది. ఆమె మామగారు వయసులో నున్న దినములలో మదనపల్లె మార్కెట్టునుండి టమాటా లారీలను ఉత్తరదేశమునకు తోలెడివారట. గుజరాతునుండి మరలి వచ్చునప్పుడెల్ల రెండో మూడో రాతి గోలీలను కొని తెచ్చి, బిస్కత్తుల రేకుడబ్బాలో దాచెడివారట. ఆయన గతించిన పిదప ఆ డబ్బా ఈ సోదరి చేతికి వచ్చినది. అందు 23 గోలీలున్నవి. కొన్ని తెలుపు నలుపు చారలవి, కొన్ని యెఱ్ఱనివి, ఒకటి నీలము, ఒకటి ఎఱుపు పచ్చ కలిసినది. ఆమె మూడు ప్రశ్న లడిగినది. ఇవి నిజముగా రాళ్లా, లేక గాజువా? వీనినెల్ల నొక్క మొత్తమున కొందునని యొక వర్తకుడు వచ్చి పోవుచున్నాడు, అమ్మవచ్చునా? పదునొకండేండ్ల కూతురు ఆ డబ్బాను విడువక, ప్రతి గోలీకి నొక పేరు పెట్టి నోటుపుస్తకములో వ్రాసికొనుచున్నది, "ఆడపిల్లకు గోలీలేమిటే" యని అత్తగారు కసరుచున్నారు, ఏమి చేయవలెను?

మూడవ ప్రశ్న తక్కిన రెండింటికంటె బరువైనది. కాని రాళ్ల సంగతి తెలియక దానికి బదులు చెప్పుట కుదురదు. కావున మొదట రాళ్లకడకే పోవుదము.

చారల గోలీలు అకీకు రాళ్లు. ఆంగ్లేయులు దీనినే అగేటు అందురు. గ్రీకు పండితుడగు థియోఫ్రాస్టసు, సిసిలీ ద్వీపములోని అకాటీసు అను నదియొద్ద దొరకినందున దీని కాపేరు వచ్చినదని వ్రాసెను. మన ముస్లిము సోదరులు ఉంగరములలో పొదిగించుకొను అకీకు ఇదియే. తెలుపు నలుపు చారలున్న దానిని మన పల్లెలలో సులేమాని రాయి యందురు. చారలు లేక ఎఱ్ఱగానున్న దానిని ఆంగ్లేయులు కార్నీలియను అందురు. ఇవన్నియు నొక్క జాతివే. మన పొలముగట్లపై తెల్లగా మెఱయు పలుగురాయి యున్నది గదా, దానిలోని పదార్థమే అకీకులోను ఉన్నది. పలుగురాయిలో పలుకులు కంటికి గనబడును. అకీకులో నవి మిక్కిలి సన్ననివై, పాలమీగడ పొరలవలె ఒకదానిపై నొకటి పేరుకొని యుండును.

ఆ పొరలెట్లు గలిగినవో చెప్పెదను. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిమీద భూమి బీటలు వాఱి, కరగిన రాయి పొంగి ప్రవహించెను. ఆ ద్రవము చల్లారునప్పుడు దానిలోని వాయువులు బుడగలై చిక్కుకొని, రాతిలో తొఱ్ఱలు మిగిలినవి. దోసె కాలునప్పుడు పడు చిల్లులను తలచుకొనుడు. ఆ తొఱ్ఱలలోనికి పలుగుపదార్థము కరగిన నీరు ఊరి ఊరి, గోడలనుండి లోపలికి పొరపై పొర కట్టినది. నీటిలో ఇనుము వంటి లోహములు ఎక్కువైనప్పుడొక రంగు, తక్కువైనప్పుడొక రంగు. తుదకు తొఱ్ఱ నిండినది. పైనున్న నల్లరాయి కాలక్రమమున అరిగి పోగా, లోపలి గట్టి గడ్డ మాత్రము నిలిచి వాగులలోనికి దొర్లినది. మన కృష్ణా గోదావరులలోని గులకలలో అకీకులు దొరకుటకు కారణ మిదియే. ఆ నదులు పుట్టి ప్రవహించు పై దేశమంతయు ఆ నల్లరాతి నేల.

కలికిరి నేల యట్టిది కాదు. ఆ సోదరి తన యింటి వెనుక గుట్టలో వెదకిన అకీకు దొరకదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గుట్టలన్నియు మిక్కిలి ప్రాచీనములు. వానిలో 250 కోట్ల యేండ్లు మించిన రాళ్లున్నవి. అవి భూగర్భమున లోతుగా మెల్లమెల్లగా చల్లారిన రాళ్లగుటచే వానిలో బుడగల తొఱ్ఱలు లేవు. కాని ఆ గుట్టలలోని రాయి తక్కువదని యనుకొనరాదు. కుప్పపు పచ్చరాయి గ్రానైటు వ్యాపారములో పేరుపొందినది. బండలను చీల్చికొని గోడవలె పోవు నల్లరాతి కట్టలను, గులాబిరంగు బండలను, తెల్లని పలుగు చాళ్లను ఆ ప్రాంతమువారు నిత్యము చూచుచునే యున్నారు. బాహుదానది ఆ రాళ్లనే యరుగదీసి, చెయ్యేటి ద్వారమున పెన్నలో కలుపుచున్నది. వంకలో దిగి చూచిన, చేతికి పట్టునంత గుండ్రని పలుగురాళ్లు ఎన్ని యైనను దొరకును. అచ్చనగాయల యాటకు మన పూర్వపు స్త్రీలు ఏరుకొన్నవి ఇవియే కదా. గచ్చకాయలు దొరకని యూళ్లలో రాళ్లే గతి.

నున్నని రాయిని చేర్చి దాచుకొనుట మన యిండ్లకు క్రొత్త కాదు. పంచాయతన పూజ చేయువారి దేవుని పెట్టె తెఱచి చూడుడు. సూర్యునికి స్ఫటికము, విష్ణువునకు గండకీనది సాలగ్రామము, శివునకు నర్మదానది బాణలింగము, గణపతికి శోణనది యెఱ్ఱరాయి, అంబికకు స్వర్ణముఖీ శిల. ఈ కడపటి నది చంద్రగిరి, తిరుపతి ప్రాంతములమీదుగా శ్రీకాళహస్తి ప్రక్కనుండి పోవునదియే. సాలగ్రామములోని చక్రము పూర్వయుగమున సముద్రములో జీవించిన యొక ప్రాణియొక్క గుల్ల గుర్తు. ఐదు దేశముల ఐదు రాళ్లు ఒక చిన్న పెట్టెలో కూర్చుండుట, దానిని తరతరములుగా ఇంటి స్త్రీలు కడిగి తుడిచి కాపాడుట, ఇంతకు మించిన రాళ్ల సేకరణ యెచట నున్నది?

అకీకును గుండ్రముగా సానపట్టుట కూడ ప్రాచీనమే. సింధులోయలోని హరప్పా, మొహంజొదారోలలో నాలుగువేల యేండ్లకు పూర్వపు రాతి గుండ్లు బయటపడినవి. అవి ఆటవస్తువులే కావచ్చునని త్రవ్వినవారు తలచిరి. గుజరాతులోని లోథాలులో ఎఱ్ఱ అకీకు పూసలు చేయు పనివాండ్ర తావు కనబడినది. మన దేశమున మెదకు సీమలోని కొండాపురమున శాతవాహనుల నాటి పూసలు త్రవ్వకములలో విస్తారముగా లభించినవి. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున నొక గ్రీకు నావికుడు వ్రాసిన పెరిప్లసు అను గ్రంథములో, గోదావరి తీరమునందలి పైఠణమునుండి ఈ చారల రాళ్లు బండ్లమీద భరుకచ్ఛపు రేవునకు పోవుచుండెనని యున్నది. పైఠణము శాతవాహనుల రాజధాని. అనగా రోమునగర స్త్రీల మెడలలోని రాళ్లలో కొన్ని మన గోదావరి గట్టునుండి పోయినవే.

ఐరోపాఖండములో ఈ పనికి పేరుపడిన యూరు జర్మనీలోని ఈడార్ ఓబర్‌స్టైను. అచట ఏటినీటితో తిరుగు పెద్ద ఇసుకరాతి చక్రములు. పనివాడు పొట్ట క్రింద నొక వాలుపీట పెట్టుకొని బోర్లపడి, కాళ్లతో తన్ని పెట్టి, రాతిని చక్రమున కదిమి పట్టవలెను. ఆ యూరి రాయి తఱిగిపోవుచుండగా, వలసపోయిన వారి వలన 1827లో బ్రెజిలు దేశపు దక్షిణభాగమున అకీకు కనబడినది. ఆ రాళ్లు ఓడలలో అడుగు బరువుగా వచ్చి చేరెను. పిదప పందొమ్మిదవ శతాబ్దమంతయు ఈడారు గోలీలు అమెరికా పిల్లల జేబులను నింపినవి. అకీకు గోలీ తగిలినచో గాజుగోలీ పగులును, తాను పగులదు. అందుచేత గుఱి చూచి కొట్టుటకు పిల్లలకు అదియే ఇష్టము. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికాలో గాజుగోలీలను యంత్రముతో చేయుట నేర్చిరి. అంతట రాతిగోలీ ధరకు నిలువలేక పోయినది. 1914 నుండి పశ్చిమ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గులో పనిచేసి 1951లో మూతపడిన యాక్రో అగేటు కంపెనీవారు పేరులో మాత్రమే అకీకును నిలిపి, చారలు గల గాజుగోలీలను అమ్మిరి. ఇది చూచి కొందరు నేటికిని మోసపోవుచున్నారు.

జర్మనీలోనే బెర్‌హ్టెస్‌గాడెను దగ్గఱ నొక కొండవాగున 1683 నుండి పాలరాతి గుండ్ల మర యొకటి యున్నది. క్రింద గాడులు చెక్కిన రాయి, పైన నీటిచే తిరుగు చెక్క బిళ్ల, నడుమ పాలరాతి ముక్కలు. దినముల తరబడి దొర్లి దొర్లి అవి గుండ్లగును. మన తిరుగలి నెఱిగిన వారికి దీనిని వివరింప నక్కఱలేదు.

ఇక మొదటి ప్రశ్న. గోలీని దీపమున కడ్డముగా పెట్టి భూతద్దముతో చూడవలెను. లోపల గుండ్రని చిన్న బుడగలు కనబడినచో నది గాజు. రాతిలో చారలు ఒక వైపున కన్నువలె వలయములై, ప్రక్కలను గీతలై, రెండవవైపున మరల కన్నుగా ముగియును. పొరలను గుండ్రముగా కోసినపు డట్లు గాక మరియొక విధముగా నుండ నేరదు. పాత చేతిపని గోలీ యైనచో, మెల్లగా త్రిప్పునప్పుడు పైభాగమున సన్నసన్నని పలకలు తళుక్కు మనును. యంత్రమున చేసిన దానికవి యుండవు. చెంపకు తాకించిన రాయి గాజుకంటె చల్లగా తోచును. తూకమును నమ్మరాదు. రెండు సెంటిమీటర్ల అడ్డుకొలత గల అకీకు గోలీ సుమారు 11 గ్రాములు తూగును, గాజుదియు నించుమించు నంతే. కత్తిమొనతో గీచి చూచుట కొందరి వాడుక. అకీకు ఉక్కుకంటె గట్టిదగుటచే గీత పడదు, నిజమే. కాని అది అకీకు కాక పాలరాయి యైనచో గీత నిలిచిపోవును. పరీక్ష నెగ్గుటకు వస్తువును చెఱుపుకొనుట యెందుకు?

రాయి నిజమైనను రంగు నిజము కాకపోవచ్చును. ఆ సోదరి డబ్బాలోని నీలపు గోలీ చారలు గలదైనచో అద్దకపు రంగని యనుమానింప వలసినదే. అంత కొట్టవచ్చు నీలము, గులాబి, ఆకుపచ్చ అకీకులో సహజముగా కలుగుట మిక్కిలి యరుదు. పగుళ్ల వెంట రంగు చిక్కబడి యున్నచో సందేహమే లేదు. నలుపు సంగతి మరియు వింత. రాతిని తేనెలోనో చక్కెర పాకములోనో చిరకాలము నాననిత్తురు. సూక్ష్మరంధ్రములు గల పొరలు పాకమును పీల్చుకొనును, దట్టమైన తెల్లని పొరలు పీల్చవు. తరువాత గంధకామ్లములో వేయగా, లోపలి చక్కెర మాడి బొగ్గగును. పాకము మాడిన గిన్నె తోమిన వారికి ఆ నలుపు ఎంత గట్టిదో తెలియును. తెలుపు నలుపు సులేమాని గోలీలలో పెక్కింటి పుట్టుక యిదియే. ఎఱుపు కూడ అట్లే. రత్నపురపు గనులలో దొరకు రాయి చాల భాగము బూడిదవన్నెగానో పసుపుగానో యుండును. దానిని ఎండలో మాసముల కొలది ఆరబెట్టి, మట్టికుండలలో పెట్టి పిడకల సెగలో కాల్తురు. లోపలి యినుము ఎఱ్ఱనగును. పచ్చి యిటుక కాలి ఎఱ్ఱబడుటకు ఏది కారణమో దీనికిని అదియే. నా మట్టుకు కాల్చిన ఎఱుపును నేను దోషమనను. నాలుగువేల యేండ్లనుండి చేయుచున్న పని యది. అద్దిన రంగును మాత్రము సహజమని చెప్పి యమ్ముట మోసము.

ఎఱుపు పచ్చ కలిసిన గోలీ అకీకు కాదు. ఎఱ్ఱని ఫెల్‌స్పారు, పచ్చని ఎపిడోటు, పలుగు కలిసిన ఉనకైటు అను రాయి కావచ్చును. ఇది మన గుట్టల రాళ్లకు చుట్టమే.

ఇప్పుడు ఆ గోలీలు వచ్చిన యూరి మాట చెప్పవలెను. గుజరాతులో అకీకు పని యనిన ఖంభాతు. దొరలు కాంబే యనిన పట్టణ మిదియే. అచటి అకీకు వస్తువులకు ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు కూడ కలదు. పనివాడు నేలలో నొక మొనగల ఇనుపకడ్డీని పాతుకొని, రాతిని దాని మొనకానించి, ఎనుపకొమ్ము సుత్తితో తట్టును. పెచ్చు లోపలివైపునుండి ఎగిరిపోవును. ఇట్లు తట్టి తట్టి రాతిని గుండ్రపు పోలికకు తెచ్చి, పిమ్మట కురువిందపు చక్రమున కదుము పట్టి అరుగదీయును. పూర్వము పూసలను తోలుసంచిలో కురువిందపు పొడితో కూర్చి, ఇద్దరెదురెదురుగా కూర్చుండి సంచిని ఇటునటు దొర్లించెడివారు. ఆ యాట వంటి పనితోనే మెఱుగు వచ్చెడిది.

కఱెంటు చక్రములు వచ్చిన పిదప పని వేగ మైనది, దుమ్మును వేగ మైనది. ఆ దుమ్ము పిండిదుమ్ము వంటిది కాదు. పలుగురాతి పొడి. కంటి కగపడనంత సన్నని రేణువులు ఊపిరితో లోనికి పోయి, ఊపిరితిత్తుల చివరలలో పాతుకొనును. శరీరము వానిని కరిగింపలేదు, త్రోసివేయలేదు. వాని చుట్టును గట్టి మచ్చలు కట్టును. మెత్తని స్పంజి వంటి తిత్తి క్రమముగా కొయ్యవలె గట్టిపడును. దీనికి సిలికోసిసు అని పేరు. మొదట మెట్లెక్కునప్పు డాయాసము, పొడిదగ్గు. పిదప కూర్చున్న చోటనే యాయాసము. పని మానినను వ్యాధి ముందుకు పోవచ్చును. మచ్చలను మాన్పు మందు నేటికిని లేదు. దీనికి తోడు క్షయరోగము సులభముగా పట్టుకొనును. క్షయమునకు మాత్రము మందున్నది గావున, రాతిదుమ్ములో పనిచేయు వాని దగ్గు రెండువారములు మించినచో ఆలస్యము చేయక కఫపరీక్ష చేయింపవలెను. పరీక్షించు వైద్యునితో తన పని యెట్టిదో తప్పక చెప్పవలెను. ఈ రెండు వ్యాధులు ఒకదానినొకటి పోలియుండుట వలన, క్షయమని తలచి మందులు మ్రింగుచు, దుమ్ములోనే కూర్చుండి చనిపోయినవారు కలరు.

ఖంభాతులో నీ పని పెద్ద కర్మాగారములలో కాక, ఇండ్లలోనే పెరిగినది. ఇంటి వసారాలో చక్రము, ప్రక్కగదిలో పొయ్యి, నడుమ ఉయ్యెల. చక్రము పట్టినవానికే గాక, అన్నము వండు భార్యకును, ప్రాకు బిడ్డకును, చక్రమెన్నడు ముట్టని పొరుగువారికిని దుమ్ము చేరుచున్నదని అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు పరిశోధించి తెలిపిరి. దుమ్మును పుట్టినచోటనే పీల్చివేయు గొట్టపు సాధనమును గూడ వారు రూపొందించిరి. 1948 నాటి కర్మాగారముల చట్టము సిలికోసిసును ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. కాని ఆ చట్టము విద్యుచ్ఛక్తితో పదిమంది పనిచేయు చోటికి గాని వర్తింపకుండెను. భార్యాభర్త లిద్దరు, అన్నదమ్ము లిద్దరు చేసికొను వసారా పనికి అది అందలేదు. మనము చేత పట్టుకొని చల్లదనమునకు సంతోషించు గోలీని గుండ్రము చేసినవాని మాట వ్రాయక, గోలీల యందము మాత్రమే వ్రాయుట నాకు సరియని తోచలేదు.

ఇది గుజరాతు మాట యని మనము ఊరకుండుటకు లేదు. కుప్పము, మదనపల్లె ప్రాంతములలో గ్రానైటు కోయు వారు, మెఱుగుపెట్టు వారు, కంకర మరలలో పనిచేయు వారు ఎందరో కలరు. గ్రానైటులోను పలుగు కలదు. మన సోదరీమణుల యిండ్ల మగవారే ఆ పనులకు పోవుచున్నారు, కొందరు సోదరీమణులును పోవుచున్నారు. అట్టి యింటి యిల్లాలికి నాలుగు మాటలు చెప్పెదను. పని గుడ్డలను విదల్పరాదు. విదల్చిన దుమ్మంతయు ఇంటిలోనే లేచును. తడిపి, తక్కిన బట్టలతో కలుపక వేరుగా నుదుకవలెను. మగడు స్నానము చేసి బట్టలు మార్చుకొనిన పిదపనే బిడ్డ నెత్తుకొన వలెను. ముక్కుకు కట్టుకొను తువాలు సన్నని రేణువుల నాపదు, ఉన్నదన్న ధైర్యమే గాని రక్షణ లేదు. కోయుచోట నీరు ధారగా పడుచుండవలెను. తడిసిన దుమ్ము గాలిలో లేవదు. నీరు పెట్టిన పని నెమ్మదించునని మేస్త్రి యనును. ఊపిరి పోయిన పిదప కూలి తెచ్చువా డెవడని యిల్లాలే అడుగవలెను.

రెండవ ప్రశ్నకు వచ్చెదను. అమ్మవలదని నా సలహా. రాతిగోలీ నగ కాదు, బంగారము కాదు. మొత్తముగా కొందుననువాడు సామాన్యములగు వాని ధర కట్టి, వానిలోని మంచివానిని ఉచితముగా పట్టుకొని పోవును. చారలు సన్నగా, ఎడములేక, రెండు కన్నులు తిన్నగా ఎదురెదురుగా నున్న గోలీకి విలువ హెచ్చు. పగులుగాని, దెబ్బవలన లోపల పడు నెలవంక గుర్తుగాని యున్నచో విలువ తగ్గును. కాని ఆ నెలవంకలున్న గోలీయే నాకు ప్రియము. ఎవరో పిల్లవాడు దానితో నిజముగా ఆడినాడని తెలియును.

క్రొత్తగా కొని చేర్చ దలచువారికి మాత్రము నా మాట వేరు. సానపట్టినచోట నీరు వాడుదురా, దుమ్ము పీల్చు సాధన మున్నదా యని అమ్మువాని నడుగుడు. బదులు దొరకుట యరుదు, అయినను అడుగువారు పెరిగినకొలది బదులు చెప్పువారును పెరుగుదురు. పాతగోలీలను కొనుట మేలు. అంతకంటెను మేలు, సానపట్టని గులకరాళ్లను ఏరుకొనుట. నీరును కురువిందపు పొడియు పోసి మూసిన డబ్బాలో రాళ్లను దొర్లించు చిన్న యంత్రములు నేడు దొరకుచున్నవి. వానివలన గుండ్రదనము రాదు గాని నునుపు వచ్చును, దుమ్ము లేవదు. ఖంభాతు తోలుసంచి పనికి అది మనుమరాలు వంటిది. పొడిరాతిని ఇంటిలో ఆకురాయితో గాని యంత్రముతో గాని అరుగదీయుట ఎంత మాత్రమును తగదు.

మరియొక హెచ్చరిక. చిత్తూరు సీమ గుట్టలలో పాండవుల గుళ్లని పిలుచు పలకరాతి కట్టడములు కలవు. అవి రెండు మూడువేల యేండ్లనాటి సమాధులు. దక్షిణదేశమున నట్టి సమాధులలో అకీకు పూసలు కూడ దొరకినవి. గోలీల యాసతో వానిని కెలుకుట నేరము. నూరేండ్లు మించిన వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టమునకు లోబడును. పొలము దున్నునప్పుడు పూస దొరకినచో తహశీలుదారునకు తెలియజేయవలెను. పూసకంటె అది దొరకిన చోటు విలువైనది. చోటు తెలియని పూసను పండితులు గూడ చదువలేరు.

ఇక ఆ చిన్నదాని సంగతి. అత్తగారి కోపమునకు మూలము గోలీ కాదు, వీధి. గోలీలాట వీధిలో ఆడునది, మగపిల్లలతో ఆడునది, దుమ్ములో మోకాళ్లూని ఆడునది. ఆడపిల్లకు అచ్చనగాయలు, వామనగుంటలు అరుగుమీదనే కుదిరినవి. కాని ఆలోచింపుడు. అచ్చనగాయలాడు పిల్ల చేయున దేమి? ఒకటి పైకెగురవేసి, అది దిగులోపల నేలమీదివానిని ఏరి, దిగినదానిని పట్టును. చేతికి, కంటికి, లెక్కకు అంత కఠినమైన సాధన గోలీలాటలో లేదు. అత్తగారు చిన్ననాట ఆ యాటలో ఆఱితేరినవారే యై యుందురు. రాయి పట్టిన చేయి ఆమెకు క్రొత్త గాదు.

పైగా ఈ పిల్ల వీధిలో గోలీలాడుట లేదు. రాళ్లకు పేర్లు పెట్టి వ్రాయుచున్నది. వస్తువులను వేరుపఱచుట, పేరిడుట, గుర్తు వ్రాసికొనుట, భూగర్భశాస్త్రము చదువువారు కళాశాలలో మొదట నేర్చు పని యిదియే. ఆ శాస్త్రము చదివి కొండలు కొలుచు స్త్రీలు మన దేశమున నేడు కలరు. తల్లి చేయవలసిన దొక్కటే. పుస్తకములో గడులు గీచి యిచ్చి, ప్రతి గోలీకి నొక అంకె, రంగు, చారల తీరు, అడ్డుకొలత, తూకము వ్రాయించుడు. మామగారు ఏ యేట, ఏ యూరినుండి తెచ్చిరో అత్తగారికి జ్ఞాపకమున్నంత వఱకు ఆమెనే యడిగి వ్రాయించుడు. ఏ లారీ యాత్రలో ఏ గోలీ వచ్చినదో ఆమెకు తప్ప మరియెవ్వరికి తెలియును? ఆమె చెప్పక పోయినచో ఆ సంగతి ఆమెతోనే పోవును. మనుమరాలు కలము పట్టి యెదుట కూర్చుండి, "అవ్వా, ఈ యెఱ్ఱది యెప్పటిది?" అని యడిగినప్పుడు కోపము చాలసేపు నిలుచునని నేను నమ్మను.

దాచు విధము. అన్నింటిని ఒక్క డబ్బాలో పోసి కదిలించిన, అకీకు గట్టిదగుటచే పాలరాయి వంటి మెత్తని గోలీలను గీరును. గ్రుడ్లు పెట్టు అట్టపళ్లెము చాలును, గడికొక గోలీ, అడుగున దూది. గోరువెచ్చని నీటితో కొంచెము సబ్బు చేర్చి కడిగి మెత్తని నూలుగుడ్డతో తుడువవలెను. ఇత్తడి చెంబులకువలె చింతపండు, నిమ్మకాయ పెట్టి తోమరాదు. అకీకునకు హాని లేదు గాని, పాలరాయి పులుపునకు కరిగి మెఱుగు పోవును. మరుగునీటిలో వేసిన పగులును. అద్దకపు గోలీలను, ఊదారంగు స్ఫటికమును ఎండ తగులు కిటికీలో నుంచిన రంగు వెలియును. ఇంటిలో మూడేండ్ల లోపు బిడ్డ యున్నచో డబ్బాను అటకమీదనే పెట్టవలెను. గోలీ గొంతుకు సరిగా అడ్డుపడు కొలతది.

కలికిరి, పీలేరు, వాయల్పాడు, పుంగనూరు ప్రాంతముల సోదరీమణులు తాము చిన్నతనమున అచ్చనగాయలకు ఏ వంకలో ఏ రంగు రాళ్లు ఏరుకొనిరో, వానిని మీ యూరిలో ఏ పేరున పిలుతురో మాకు వ్రాయుడు. రాయిని పంప నక్కఱలేదు, పేరును ఊరును చాలును.